బాబిన్ లేసు మ్యాట్, పూసలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇది మన నర్సాపురం లేసే కదా?

కాదండి. నర్సాపురంలో అల్లేది క్రోషె లేసు. ఒక కొక్కెం సూది, ఒక దారం. బాబిన్ లేసులో చాలా దారాలు ఉంటాయి, ఒక్కొక్కటీ ఒక చెక్క బాబిన్‌కి చుట్టి ఉంటుంది. గట్టి దిండు మీద డిజైన్ అట్ట పరిచి, గుండుసూదులు గుచ్చి, వాటి చుట్టూ దారాలు మార్చుకుంటూ పోతాం. 1557లోనే వెనిస్‌లో వీటి నమూనాల పుస్తకం అచ్చయింది. మన దక్షిణాదిలో నాగర్‌కోయిల్ వైపు 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పారు.

అపోహ: దిండు నిండా బాబిన్లు, మన వల్ల కాదు.

దిండు మీద ఎన్ని ఉన్నా చేతిలో ఉండేవి ఒకసారికి నాలుగే, అంటే రెండు జతలు. కదలికలు రెండే. మధ్య రెండింటిలో ఎడమది కుడిదాని మీదుగా వేయాలి. తర్వాత ఒక్కో జతలో కుడిది ఎడమదాని మీదుగా వేయాలి. మొదటి మ్యాట్‌కి పట్టీ పద్ధతి ఎంచుకోండి. ఏడెనిమిది జతలతో సన్న పట్టీ అల్లుతూ, మెలికలు తిప్పుతూ, పక్క వరసకు క్రోషె సూదితో తగిలిస్తూ పోవచ్చు.

అపోహ: పూసలు చివర్లో కుట్టేస్తే సరి.

గొడవంతా ఇక్కడే. కుట్టొచ్చు, కానీ వెనక ముడులు కనిపిస్తాయి, నాలుగు ఉతుకులకు పూస వేలాడుతుంది. అల్లేటప్పుడే ఎక్కించాలి. పూసలన్నీ ముందే దారానికి గుచ్చి బాబిన్‌కి చుట్టుకోవడం ఒక పద్ధతి. లెక్క తప్పితే మధ్యలో చిక్కే. నాకు నచ్చేది రెండోది: 0.6 మి.మీ. స్టీల్ క్రోషె సూదికి పూస తొడిగి, ఒక దారాన్ని ఉచ్చులా పూసలోంచి లాగి, పక్క బాబిన్‌ని ఆ ఉచ్చులో దూర్చి, రెండు దారాలూ బిగించాలి. ఉచ్చు అంటే రెండు పోగులు కదా, రంధ్రం అంత ఉండాలి. మగ్గం వర్క్ పూసల్లో ఒకే ప్యాకెట్‌లో కూడా రంధ్రాలు తేడాగా ఉంటాయి. మన విశాఖ పూర్ణా మార్కెట్‌కి వెళ్లేటప్పుడు ఆ క్రోషె సూది, దారం ముక్క పట్టుకెళ్లి అక్కడే గుచ్చి చూసుకోండి. షాపతను విసుక్కుంటే విసుక్కుంటాడు.

ఇంకోటి, గ్లాసు పెట్టే మ్యాట్ అయితే మధ్యలో పూసలు వద్దు, గ్లాసు ఊగుతుంది. అంచులకే పెట్టండి. ఆ బరువుకి బీచ్ రోడ్డు బాల్కనీలో కూడా మ్యాట్ గాలికి లేవదు.

అపోహ: బాబిన్ చివర పూసలు షోకు కోసం.

ఇంగ్లండ్ తరహా సన్న బాబిన్లకు తీగతో పూసలు కట్టేది బరువు కోసం, దొర్లకుండా ఉండడం కోసం. బరువు చాలకపోతే దారం వదులై అల్లిక జారుతుంది. ఏటికొప్పాక అంకుడు కర్రతో బాబిన్లు చేయించుకుంటే అవి మరీ తేలిక, పూసలు కట్టాల్సిందే.

అపోహ: ఏ గుండుసూదులైనా ఒకటే.

మన సముద్రపు గాలికి మామూలు సూదులు దిండు మీదే తుప్పు పడతాయి. తెల్ల దారానికి అంటిన తుప్పు మరక ఒక పట్టాన వదలదు. ఇత్తడివి గానీ స్టెయిన్‌లెస్ స్టీల్‌వి గానీ కొనండి.