లైసెన్స్ ఒకటే, కోర్సులు మాత్రం మూడు: అమెరికా ఆర్ఎన్ చదువు వెనక కథ

అమెరికాలో ఎల్పీఎన్‌గా (లైసెన్స్డ్ ప్రాక్టికల్ నర్సు, ఆర్ఎన్ కంటే కింది స్థాయి) పనిచేస్తూ ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) అవుదాం అనుకునేవాళ్ళు, లేదా కొత్తగా నర్సింగ్‌లోకి వద్దాం అనుకునేవాళ్ళు ముందు అడిగేది ఒకటే, ఏ కోర్సులో చేరాలి అని. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళ ఏడీఎన్ (అసోసియేట్ డిగ్రీ) చేసినా, యూనివర్సిటీలో నాలుగేళ్ళ బీఎస్ఎన్ (నర్సింగ్‌లో బ్యాచిలర్స్ డిగ్రీ) చేసినా, హాస్పిటళ్ళే నడిపే, ఇంకా అక్కడక్కడా మిగిలిన డిప్లొమా చేసినా రాసేది అదే ఎన్‌క్లెక్స్-ఆర్ఎన్ అనే లైసెన్స్ పరీక్ష, వచ్చేది అదే లైసెన్స్. మరి జాబ్ యాడ్స్‌లో బీఎస్ఎన్ ఉంటేనే అప్లై చేయండి అని ఎందుకు పెడుతున్నారు, ఏళ్ళ తరబడి వార్డులో పనిచేసిన ఎల్పీఎన్ డైరెక్ట్‌గా వెళ్ళి ఆ పరీక్ష ఎందుకు రాయలేరు? ఇదంతా ఎవరో కూర్చుని ప్లాన్ చేసి పెట్టింది కాదండి. నర్సులు చాలనప్పుడల్లా ఇంకో దారి తెరిచారు, పాతది మాత్రం ఎవరూ మూయలేదు.

మొదట్నుంచీ చూద్దాం. 1860లో లండన్‌లో నైటింగేల్ పేరుతో మొదలైన స్కూల్‌ని చూసి 1873లో న్యూయార్క్, న్యూ హేవెన్, బోస్టన్‌లో ట్రైనింగ్ స్కూళ్ళు పెట్టారు. ఆ మోడల్ హాస్పిటళ్ళకి తెగ నచ్చింది, ఎందుకంటే స్టూడెంట్స్ అంటే దాదాపు జీతం ఇవ్వక్కర్లేని స్టాఫ్. పొద్దున్నుంచి రాత్రిదాకా వార్డు డ్యూటీ, పక్కలు వేయడం, పేషెంట్లకి స్నానం చేయించడం, గిన్నెలు కడగడం, అదంతా అయ్యాక మూతలు పడుతున్న కళ్ళతో కూర్చుని డాక్టర్ గారి లెక్చర్ వినడం. కొన్ని హాస్పిటళ్ళు స్టూడెంట్స్‌ని డబ్బున్నవాళ్ళ ఇళ్ళకి పేషెంట్ని చూసుకోడానికి పంపించి ఆ ఫీజు తామే తీసుకునేవి. ఇంత చేసి పాసైతే అక్కడే ఉద్యోగం ఇస్తారా అంటే అదీ లేదు, అప్పటికే కొత్త బ్యాచ్ వచ్చేసేది కాబట్టి చాలామంది ప్రైవేట్ ఇళ్ళలో పని వెతుక్కోవాల్సి వచ్చేది.

ఎవరు నిజంగా ట్రైనింగ్ అయ్యారు, ఎవరు కాలేదు అని జనానికి తెలియాలి కదా, అందుకే నర్సులే సంఘాలు పెట్టుకుని చట్టం కోసం పోరాడారు. 1903లో ముందు నార్త్ కరోలినా, అదే ఏడాది న్యూజెర్సీ, న్యూయార్క్, వర్జీనియా రిజిస్ట్రేషన్ చట్టాలు చేశాయి. అప్పటికి ఆ రాష్ట్రాల్లో ఆడవాళ్ళకి ఓటు హక్కు కూడా లేదు, అది గుర్తుపెట్టుకోవాలి. కాకపోతే ఆ చట్టాలు కాపాడింది ఆర్ఎన్ అనే పేరుని మాత్రమే, ఆ పేరు పెట్టుకోకుండా నర్సు పని ఎవరైనా చేసుకోవచ్చు. లైసెన్స్ లేకుండా పనే చేయకూడదు అనే చట్టం ముందు తెచ్చింది న్యూయార్క్, 1938లో, అందులోనే ప్రాక్టికల్ నర్సులకి వేరే లైసెన్స్ కూడా పెట్టారు. ఇవాళ్టి ఎల్పీఎన్ వాళ్ళే. టెక్సస్, కాలిఫోర్నియాలో అయితే ఎల్వీఎన్ అంటారు.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చి నర్సుల కొరత ఎక్కడికో వెళ్ళిపోయింది. 1943లో గవర్నమెంట్ క్యాడెట్ నర్స్ కోర్ పెట్టి, ఫీజు తనే కట్టి, కోర్సుని 30 నెలలకి కుదించి లక్షకి పైగా నర్సుల్ని తయారుచేసింది. అంతకుముందు పరీక్ష ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే, 1944 నుంచి చాలా రాష్ట్రాలు ఒకే క్వశ్చన్ పేపర్ వాడటం మొదలుపెట్టాయి.

అసలు మలుపు 1951లో వచ్చింది. మిల్డ్రెడ్ మాంటాగ్ అనే నర్సింగ్ టీచర్ కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో పీహెచ్‌డీ స్థాయి రీసెర్చ్ చేస్తూ ఒక ఐడియా ఇచ్చారు. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళలో టెక్నికల్ నర్సుని తయారుచేద్దాం, ప్రొఫెషనల్ నర్సు కింద పనిచేస్తుంది, హాస్పిటల్ స్వార్థానికి కాకుండా చదువు చదువులా జరుగుతుంది అని. 1952లో పైలట్ మొదలైంది, ఇవాళ్టి ఏడీఎన్ ఇదే, పెళ్ళైనవాళ్ళు, పిల్లలున్నవాళ్ళు, వయసు పెద్దవాళ్ళు, ఇలా హాస్పిటల్ స్కూళ్ళు రానివ్వనివాళ్ళు చాలామంది వచ్చి చేరారు. నా దృష్టిలో అమెరికా నర్సింగ్ చదువులో జరిగిన అన్నిటికంటే మంచి పని ఇదే. కానీ ఒక చోట ముడి పడింది. ఈ టెక్నికల్ నర్సులకి వేరే లైసెన్స్ పెట్టలేదు, వాళ్ళూ అదే ఆర్ఎన్ పరీక్ష రాశారు, బాగానే పాసయ్యారు, హాస్పిటళ్ళు అదే డ్యూటీ వేశాయి. మాంటాగ్ అనుకున్న తేడా కాగితం మీదే ఉండిపోయింది.

1965లో అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ ప్రొఫెషనల్ నర్సింగ్‌కి కనీసం బ్యాచిలర్స్ ఉండాలని తీర్మానించింది. డిప్లొమా వాళ్ళకి మండిపోయింది, ఏడీఎన్ కాలేజీలకి కూడా. ఆ గొడవ ఇంకా తేలలేదు. నార్త్ డకోటా ఒక్కటే 1980లలో ధైర్యం చేసి ఆర్ఎన్‌కి బీఎస్ఎన్ తప్పనిసరి చేసింది, 2003లో వెనక్కి తీసుకుంది. అదే 2003లో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ టీమ్ సర్జరీ పేషెంట్ల మీద చేసిన స్టడీలో, బ్యాచిలర్స్ ఉన్న నర్సుల శాతం 10 పెరిగితే పేషెంట్ చనిపోయే అవకాశం 5 శాతం తక్కువగా కనిపించింది. 2010లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ రిపోర్ట్ 2020కల్లా 80 శాతం నర్సులకి బ్యాచిలర్స్ ఉండాలంది, అంత అవ్వలేదు గానీ పెద్ద హాస్పిటళ్ళు ఉద్యోగాలకి బీఎస్ఎన్ అడగడం మాత్రం బాగా పెరిగింది. న్యూయార్క్ 2017లో మధ్యేమార్గం పట్టింది, ఏడీఎన్‌తో లైసెన్స్ తీసుకో, పదేళ్ళలోపు బ్యాచిలర్స్ పూర్తిచెయ్ అని.

పరీక్ష కూడా చాలా మారింది. ఒకప్పుడు రెండు రోజులు, ఏడాదికి రెండుసార్లు, మెడికల్, సర్జికల్, కాన్పులు, పిల్లలు, సైకియాట్రీ అని ఐదు పేపర్లు, ఒక్కోదాంట్లో 350 స్కోర్ రావాలి. 1982లో అన్నీ కలిపేసి ఎన్‌క్లెక్స్ అన్నారు, 1994లో కంప్యూటర్ మీదికి వచ్చింది. మీరు రాసే జవాబుని బట్టి తర్వాతి ప్రశ్న కష్టంగానో తేలిగ్గానో వస్తుంది, పాసా ఫెయిలా అన్న లెక్క తేలగానే స్క్రీన్ ఆగిపోతుంది. 2023 ఏప్రిల్ నుంచి పేషెంట్ కేసు ఇచ్చి ఏం గమనించావు, ముందు ఏం చేస్తావు అని అడిగే కొత్త రకం ప్రశ్నలు కూడా చేరాయి.

ఇక ఎల్పీఎన్ సంగతి. ఎన్నేళ్ళ అనుభవం ఉన్నా రాష్ట్ర నర్సింగ్ బోర్డు అప్రూవ్ చేసిన ఆర్ఎన్ ప్రోగ్రామ్ చదివితేనే పరీక్షకి కూర్చోనిస్తారు, అందుకే బ్రిడ్జ్ కోర్సులు వచ్చాయి, పాత చదువుకి కొంత క్రెడిట్ ఇచ్చి మిగతాది చెప్తారు. ఆ కొంత ఎంత అన్నది కాలేజీకో రకం. రోజూ ఇన్సులిన్ ఇచ్చే మనిషిని మళ్ళీ కూర్చోబెట్టి ఇంజెక్షన్ ఎలా ఇవ్వాలో చెప్పడం టైమూ డబ్బూ వేస్టే అంటాను. కాలిఫోర్నియాలో 30 యూనిట్ల (కాలేజీ క్రెడిట్ల) ఆప్షన్ అని ఒకటుంది, ఎల్వీఎన్ వాళ్ళు డిగ్రీ లేకుండా ఆ యూనిట్లు చదివి ఆర్ఎన్ పరీక్ష రాయొచ్చు, కానీ ఆ లైసెన్స్‌ని చాలా రాష్ట్రాలు ఒప్పుకోవు, కాలిఫోర్నియా దాటాలంటే ఇబ్బందే.

పరీక్ష ఒక్కటి పాసైతే చాలదా, చదువెందుకు అనేవాళ్ళకి 2023 జనవరిలో జవాబు దొరికింది. ఫ్లోరిడాలో మూడు స్కూళ్ళు 7,600కి పైగా దొంగ నర్సింగ్ డిప్లొమాలు అమ్మాయని ఫెడరల్ అధికారులు బయటపెట్టారు. కొన్నవాళ్ళలో సుమారు 2,400 మంది ఎన్‌క్లెక్స్ పాసయ్యారు కూడా! క్లినికల్‌లో, అంటే హాస్పిటల్లో చేసే ప్రాక్టికల్ ట్రైనింగ్‌లో, ఒక్క పేషెంట్ని ముట్టుకోకుండా లైసెన్స్ చేతిలోకి వచ్చేసిందన్నమాట. ఆ తర్వాత చాలా రాష్ట్రాల బోర్డులు లైసెన్సులు రద్దుచేసుకుంటూ వచ్చాయి. అందుకే ఇప్పుడు బ్రిడ్జ్‌లో చేరేముందు ఫీజు కంటే ముందు చూడాల్సింది మీ రాష్ట్ర బోర్డు వెబ్‌సైట్‌లో ఆ ప్రోగ్రామ్ పేరు ఉందా లేదా, క్లినికల్ గంటలు ఏ హాస్పిటల్లో చేయిస్తారు, ముందుముందు బీఎస్ఎన్‌కి వెళ్తే ఆ క్రెడిట్లు చెల్లుతాయా లేదా అన్నది.