127 డిగ్రీలు చూసి బోర్డు మార్చేయకండి

ఎండాకాలం మొదలైతే చాలు, సర్వీస్ సెంటర్‌లో నాకు ఒకటే ప్రశ్న: "సార్, వేడి చూపించే సాఫ్ట్‌వేర్‌లో 127 డిగ్రీలు చూపిస్తోంది, ప్రాసెసర్ కాలిపోయిందా?" కాలిపోయిన ప్రాసెసర్ ఆ సాఫ్ట్‌వేర్‌ని తెరవనివ్వదు కదండీ!

అపోహ: సాఫ్ట్‌వేర్‌లో కనిపించే పెద్ద అంకె ప్రాసెసర్ వేడే.

జనం డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. హెచ్‌డబ్ల్యూమానిటర్, స్పీడ్‌ఫ్యాన్ లాంటి సాఫ్ట్‌వేర్లు రెండు చోట్ల నుంచి అంకెలు తెస్తాయి. ఒకటి, ప్రాసెసర్ లోపలి సెన్సార్లు. రెండోది, మదర్‌బోర్డ్ మీద నువోటన్ లేదా ఐటీఈ తయారుచేసిన చిన్న చిప్. వేడి కొలవడానికి ఈ చిప్‌కి చాలా పిన్నులుంటాయి. బోర్డు కంపెనీ వాటిలో కొన్నిటికే సెన్సార్ తగిలిస్తుంది, మిగతావి ఖాళీ. ఖాళీ పిన్ను నుంచి వచ్చేది చెత్త అంకె. తరచూ 127 ఎందుకు కనిపిస్తుందంటే, ప్లస్ మైనస్ గుర్తుతో కలిపి 8 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య అదే. ఏ పిన్నుకి ఏముందో సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. అందుకే ఆక్స్‌టిన్ అనో టీఎంపిన్ అనో పేరు పెట్టి చూపించేస్తుంది.

మొన్న మే నెలలో ఒక ఇంజనీరింగ్ కుర్రాడు వాళ్ల నాన్నగారితో వచ్చాడు. ఎక్కడో బోర్డు, ప్రాసెసర్ రెండూ మార్చాలన్నారట. పాపం, ఆ పెద్దాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. చూస్తే ఆక్స్‌టిన్ 127, ప్రాసెసర్ లోపల పనిచేసే భాగాలైన కోర్లు మాత్రం యాభై లోపే. మాటతో నమ్మకం కుదరదని ప్రాసెసర్‌కి ఫుల్ లోడ్, అంటే చేయగలిగినంత పని, పెట్టి పక్కనే కూర్చోబెట్టాను. కోర్ల వేడి పెరిగింది, లోడ్ ఆపగానే దిగింది. 127 మాత్రం అక్కడే ఉంది. "కదలకుండా కూర్చున్న అంకె వేడి కాదండీ" అన్నాక ఆయన కాస్త కుదుటపడ్డారు. పైసా ఖర్చు లేకుండా పీసీ ఇంటికెళ్లింది.

అపోహ: కోర్ సెన్సార్ చెప్పిందంటే డిగ్రీ కూడా తేడా ఉండదు.

ఇంటెల్ కోర్ సెన్సార్ అసలు డిగ్రీలు చెప్పదు. టీజేమాక్స్‌కి, అంటే ఆ ప్రాసెసర్ వేడికి పెట్టిన పరిమితికి, ఇంకా ఎంత దూరంలో ఉన్నానో చెబుతుంది. ఆ దూరాన్ని టీజేమాక్స్ నుంచి తీసేసి సాఫ్ట్‌వేర్ మనకు లెక్క చూపిస్తుంది. పాత "కోర్ 2" ప్రాసెసర్ల కాలంలో డెస్క్‌టాప్ రకాల టీజేమాక్స్‌ని ఇంటెల్ 2008 దాకా బయటపెట్టలేదు. దాంతో ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో ఊహ చేసేది, ఒకే ప్రాసెసర్‌కి ఒక్కోటి ఒక్కో అంకె చూపించేది. ఇప్పుడు ఆ విలువను ప్రాసెసర్ నుంచే చదువుతున్నారు కాబట్టి ఆ గొడవ లేదు. అయితే ఈ సెన్సార్ పరిమితి దగ్గర చెప్పినంత కచ్చితంగా ఖాళీగా ఉన్నప్పుడు చెప్పదు. గదిలో 38 ఉంటే మామూలు ఫ్యాన్ కూలర్ కింద ప్రాసెసర్ 31లో ఉండటం అసాధ్యం. అలా కనిపిస్తే సంబరపడకండి.

ఏఎండీది ఇంకో తమాషా. 2017లో వచ్చిన రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్ ప్రాసెసర్లు ఫ్యాన్ల వేగం కోసం అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి చెప్పేవి. ఆ సంగతి తెలియని సాఫ్ట్‌వేర్ చూసి కంగారుపడ్డవాళ్లు ఎందరో.

అపోహ: 95 అంటే కాలిపోతున్నట్టే.

రైజెన్ 7950ఎక్స్ లాంటివి ఫుల్ లోడ్‌లో 95 దాకా వెళ్లేలానే తయారయ్యాయి. పరిమితికి చేరితే ప్రాసెసరే స్పీడ్ తగ్గించుకుంటుంది. అదీ చాలకపోతే మెషిన్ ఆగిపోతుంది. ఇదంతా హార్డ్‌వేర్ పని. మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్నా లేకపోయినా జరుగుతుంది.

మిగతావి చిన్నవి. రెండు మూడు సాఫ్ట్‌వేర్లు ఒకేసారి నడిపితే ఒకే చిప్‌ని అడిగి అడిగి తప్పుడు అంకెలు రావచ్చు, ఒక్కటే ఉంచండి. 2025లో విండోస్ డిఫెండర్ విన్‌రింగ్0 డ్రైవర్ (సెన్సార్ల అంకెలు చదవడానికి వాడే చిన్న ప్రోగ్రామ్) వాడే సాఫ్ట్‌వేర్లను పట్టుకున్నప్పుడు వైరస్ అని టెన్షన్ పడ్డారు. వైరస్ కాదు గానీ ఆ డ్రైవర్‌లో భద్రతా లోపం ఉన్న మాట నిజం. ఆ డ్రైవర్ వాడని కొత్త వెర్షన్ వేసుకోండి.

డబ్బు తీసేముందు హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి స్పీడ్ తగ్గించుకోవడం) అనే వరస చూడండి. ఫుల్ లోడ్‌లో కూడా "నో" అనే ఉంటే పీసీని దాని మానాన వదిలేయండి. "యెస్" వస్తే ముందు దుమ్ము దులిపి, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ మార్పించండి. అప్పటికీ పోకపోతే కూలర్ సంగతి చూద్దాం.