స్టీలు గ్లాసు రుచి

మా అన్నయ్య కూతురికి ఏడు నెలలు. వంటింటి గడప దగ్గర చాప మీద కూర్చోబెడితే, చేతికందిన స్టీలు గ్లాసును ముందు నేలకేసి కొడుతుంది. ఆ మోతకు తనే ఉలిక్కిపడుతుంది. తర్వాత గ్లాసు అంచు నోట్లో పెట్టుకుని చప్పరిస్తుంది. చల్లగా తగులుతుంది కాబోలు, కనుబొమలు పైకి లేస్తాయి. బయటికి తీసి, చొంగతో తడిసిన అంచును ఓసారి చూసుకుని మళ్ళీ నోట్లోకే. పక్కనే వదిన ఆన్‌లైన్లో తెప్పించిన ‘సెన్సరీ ప్లే’ (చూపు, వినికిడి, స్పర్శలాంటి ఇంద్రియాలకు పని చెప్పే ఆట) బొమ్మ ఉంది. బటన్ నొక్కితే లైట్లు, ఆవు అరుపు, ఇంగ్లిష్ పాట, అన్నీ ఒకేసారి వస్తాయి. పిల్ల దాన్ని రెండు రోజులు చూసి ఊరుకుంది.

“అన్నీ నోట్లోకేనా!” అని మనం లాగేసుకుంటాం గానీ, ఆ వయసులో వస్తువును చదివేది నోరే. మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే న్యూరోసర్జన్ ఆపరేషన్ సమయంలో మెలకువగా ఉన్న రోగుల మెదడు పైపొరను సన్నని కరెంటుతో తాకుతూ, ఒంట్లో ఎక్కడ స్పర్శ తెలుస్తోందో అడిగి గుర్తులు పెట్టుకున్నాడు. 1937లో అచ్చయిన ఆ వివరాల ప్రకారం పెదవులకు, నాలుకకు, వేళ్ళకు మెదడులో దక్కిన చోటు వీపుకు దక్కినదానికంటే ఎంతో ఎక్కువ. అది పెద్దవాళ్ళ సంగతి. పసిపిల్లలకైతే వేళ్ళు ఇంకా మాట వినవు. బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న వస్తువును పట్టుకోవడం తొమ్మిదో నెల దగ్గర్లో గానీ రాదు. చప్పరించడం మాత్రం అమ్మ కడుపులోనే వచ్చేస్తుంది. అందుకే చేతులకు ఇంకా చేతకాని పని నోరు చేసిపెడుతుంది.

నోటితో తెలుసుకున్నది కంటికి అందుతుందా? 1979లో అమెరికాలో మెల్ట్‌జాఫ్, బోర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు నెల వయసు పిల్లలకు, కంటపడకుండా, కొందరికి నున్నటి చప్పరింపు పీక, కొందరికి బొడిపెలున్న పీక నోట్లో పెట్టారు. తర్వాత రెండు ఆకారాలూ చూపిస్తే, పిల్లలు తాము చప్పరించినదాని వైపే ఎక్కువసేపు చూశారట. ఇరవై ఏళ్ళ తర్వాత వేరేవాళ్ళు అదే ప్రయోగం మళ్ళీ చేస్తే ఆ ఫలితం రాలేదు. కాబట్టి నెలకే అంత తెలుస్తుందని నేను పందెం కాయను. ఏడు నెలల పిల్ల మాత్రం నోట్లోంచి తీసిన గ్లాసును అంత శ్రద్ధగా ఎందుకు చూస్తుందో ఆలోచించండి.

నా లెక్కలో గ్లాసు గొప్పతనం ఇంకోటుంది. మెల్లగా కొడితే మెల్లగా, గట్టిగా కొడితే గట్టిగా మోగుతుంది. చాప మీద ఒక రకం, గచ్చు మీద ఇంకో రకం. పిల్ల ఏం చేస్తే దానికి తగ్గ జవాబొస్తుంది. బటన్ బొమ్మను ఎలా నొక్కినా అదే ఆవు. అందులో కనిపెట్టడానికేముంది? ఇంట్లో సెన్సరీ ప్లేకి బొమ్మలు కొనేముందు నేను చూసుకునేది ఈ ఒక్కటే. చెక్క పప్పుగుత్తి, మూతపడే గిన్నె, ఒక అంచున జరీ గరుకుగా తగిలే పాత చీర ముక్క, ఇవన్నీ ఈ పరీక్ష నెగ్గుతాయి. కొనాలనే ఉంటే ఏటికొప్పాక గిలక్కాయ ఉంది. అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కలో కలిపిన రంగులు వేస్తారు. కాకపోతే చెట్ల నుంచి తీసిన రంగులేనా అని అడిగి తీసుకోండి, ఎలాగూ నోట్లోకే వెళ్తుంది.

చర్మం కథ వేరు. అరచేతుల్లో తప్ప ఒంటి మీద దాదాపు అంతటా ఒక రకం సన్నటి నాడీ తంతువులుంటాయి. వేడి, నొప్పి వాటి పని కాదు, మెల్లగా నిమిరితే స్పందిస్తాయి. సెకనుకు సుమారు 3 సెంటీమీటర్ల వేగం వాటికి బాగా నచ్చుతుంది. అంటే పసిపిల్ల మెడ నుంచి నడుము దాకా చెయ్యి జారడానికి ఐదు సెకన్లు. తల్లిదండ్రులను పరిశోధకులు ఓ కృత్రిమ చేతిని నిమరమంటే గబగబా నిమిరారు, తమ బిడ్డను నిమరమంటే ఎవరూ చెప్పకుండానే ఈ వేగానికి దిగారు. మన ఇళ్ళలో నూనె పట్టించేటప్పుడు మొదటి నాలుగు నిమిషాలు ఇలాగే సాగుతాయి. ఆ తర్వాత స్నానం పోసే ఆవిడ సున్నిపిండితో రుద్దడం మొదలెడుతుంది, పిల్ల ఆరున్నొక్క రాగం అందుకుంటుంది. నన్నడిగితే ఆ రుద్దుడు ఆటా కాదు, అవసరమూ కాదు. ఇక ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వెయ్యనే వద్దు. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా రావచ్చు.

వాసన, రుచి మనం తినిపించకముందే మొదలైపోతాయి. 1991లో మెనెల్లా, బోషాంప్ అనే పరిశోధకులు పాలిచ్చే తల్లులకు వెల్లుల్లి మాత్రలిచ్చి చూశారు. సుమారు రెండు గంటలకు పాలలో ఆ వాసన బాగా తేలింది. పిల్లలు మొహం తిప్పుకోలేదు సరికదా, ఎక్కువసేపు రొమ్ము పట్టుకుని ఉన్నారు. అన్నంలో వెల్లుల్లి కారం కలుపుకు తినే బాలింతల పిల్లలకు అన్నప్రాశన నాటికి ఇంటి రుచి సగం తెలిసే ఉంటుందన్నమాట. ఆరు నెలలు దాటి ఘనాహారం మొదలుపెట్టాక మెత్తగా ఉడికిన అన్నం, పెరుగు, చిలగడదుంప ముద్ద పళ్ళెంలో వేసి చేతులతో కెలకనివ్వండి. చొక్కా విప్పేసి, కింద పాత దుప్పటి పరిస్తే మీకూ టెన్షన్ ఉండదు.

పప్పులు, సెనగలు, పూసలు పోసి కెలికించే వీడియోలు చాలా తిరుగుతున్నాయి. అవి చూసి మోసపోకండి. సుమారు 3.2 సెంటీమీటర్ల వెడల్పు గొట్టంలో పూర్తిగా పట్టే ముక్క మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్లో ఉండకూడదని అమెరికా, యూరప్ నిబంధన. సెనగలు అందులో ఎన్ని పడతాయో చెప్పక్కర్లేదు. నీళ్ళల్లో ఉబ్బే జెల్లీ పూసలు మరీ ప్రమాదం, మింగితే లోపల పెరిగి పేగుకు అడ్డం పడతాయి. నీళ్ళాట కావాలంటే వెడల్పు పళ్ళెంలో రెండు వేళ్ళ లోతు నీళ్ళు చాలు. ఫోనొచ్చినా సరే, మీ చెయ్యి పిల్లకు అందేంత దూరంలోనే ఉండాలి. ఇంకా కూర్చోలేని పిల్లలను మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టి, జానెడు దూరంలో ఆ గ్లాసు పెట్టండి. రోజు మొత్తం మీద కనీసం అరగంట బోర్లా ఉండాలని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఒకేసారి కాదు, విడతలుగానే.

ఇంతకీ ఎంతసేపు ఆడించాలంటారా? గడియారం చూడక్కర్లేదు. మా బుజ్జిది పదో నిమిషానికల్లా గ్లాసు మీంచి మొహం పక్కకు తిప్పేసి, ఆవులించి, చెవి లాక్కుంటుంది. మళ్ళీ గ్లాసు మోగించి చూపిస్తే ఏడుపే. అప్పుడు వదిన గ్లాసు కడిగి బోర్లించి, పిల్లను భుజాన వేసుకుని వరండాలోకి వెళ్తుంది.