ఫోనుకు తెలియని సంవత్సరం

చిరంజీవులు అఖిల, రిత్విక్‌లకు తాతయ్య ఆశీర్వదించి రాయునది.

మొన్న సంక్రాంతి సెలవుల్లో హనుమకొండ వచ్చినప్పుడు రిత్విక్ నా పాత ఫోనులో తేదీని ముందుకు జరుపుతూ కూర్చున్నాడు. 2037 దగ్గర ఆగిపోయింది. ఎంత తోసినా 2038 రాదు. "తాతా, ఆ తర్వాత లోకం ఉండదా?" అని అడిగాడు. నవ్వి తప్పించుకున్నాను. నిజానికి నాకూ తెలియదు. నెల రోజులుగా పొద్దున చాయ్ తాగాక పేపరు పక్కన పెట్టి, రోజుకో అరగంట దీని మీదే కూర్చున్నాను. అర్థమైనంత రాస్తున్నాను.

కంప్యూటర్‌కు పంచాంగం తెలియదు. కంప్యూటర్‌ను నడిపే యూనిక్స్ అనే వ్యవస్థను తయారుచేసినవాళ్లు ఒక ఏర్పాటు చేశారు: 1970 జనవరి 1 మొదలు ఎన్ని సెకన్లు గడిచాయో లెక్కపెట్టుకుంటూ పోవడం, ఆ లెక్క నుంచే తేదీ చెప్పడం. తర్వాత వచ్చిన యంత్రాలు చాలావరకు అదే దారిన నడిచాయి.

దీన్ని మన ఊరి చెరువు అనుకోండి. సెకనుకో చుక్క పడుతుంది. తూము లేదు, వాడకం లేదు, నిండటమే. పాత యంత్రాల్లో ఆ చెరువుకు పట్టేది 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 చుక్కలు. ఆఖరి చుక్క 2038 జనవరి 19, మంగళవారం, మన గడియారంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు పడుతుంది. తర్వాతి చుక్కకు మత్తడి దూకాలి కదా? దూకదు. చెరువు ఒక్కసారిగా పాతాళానికి దిగిపోయి, యంత్రం తాను 1901 డిసెంబర్‌లో ఉన్నాననుకుంటుంది. అంటే హైదరాబాద్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఏలుతున్న రోజులకు! ఏ చెరువూ ఇలా చేయదు. నా పోలికకు ఇక్కడ గండి పడింది. యంత్రం ఈ లెక్కను 32 గళ్లలో, గడికి 0 లేదా 1 చొప్పున రాసుకుంటుంది. వాటిలో ఒకటి కూడిక, తీసివేత గుర్తుకు కేటాయించారు. మిగతావి నిండగానే ఆ గుర్తు తిరగబడి, లెక్క 1970కి అంత వెనక్కి పోతుంది. ఇంతకంటే లోతుకు నేను దిగలేను, అఖిల వాళ్ల కంప్యూటర్ టీచరును అడగండి.

అయినా చెరువును వదలబుద్ధి కావడం లేదు. నర్సంపేట వైపు మా ఊళ్లో చిన్న చెరువు ఉండేది, పక్కనున్న పాఖాల చెరువంత పెద్దది కాదు. దానికి ఒక నీరడి తాత. వానాకాలంలో ఆయనకు అందరూ దండం పెట్టేవాళ్లు, తూము తెరిచేది ఆయనే గనుక. ఎండాకాలంలో ఎవరికీ పట్టడు. ఊరంతా పెళ్లిళ్లలో ఉంటే ఆయన మాత్రం పార భుజాన వేసుకుని కట్ట పొడవునా నడిచేవాడు. ఎండ్రకాయ బొరియ కనిపిస్తే తవ్వి, బంకమట్టి కూరి, దిమ్మిసతో కొట్టేవాడు. మట్టి తట్ట మోయడం నా పని, కూలి రెండు మామిడికాయలు. "చుక్క నీరు లేదు కదా, ఇప్పుడెందుకు తాతా?" అన్నాను ఒకసారి. "నీళ్లుంటే బొరియ కనిపించదు బిడ్డా" అన్నాడు.

కాకతీయ రాజు గణపతిదేవుడి కాలం నాటి పాఖాల కట్ట ఇవాళ్టికీ నిలిచి ఉందంటే, ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు ఎండాకాలంలో దాని మీద నడిచి ఉంటారు.

1999 డిసెంబర్ 31 రాత్రి సబ్‌స్టేషన్‌లో డ్యూటీ నాదే. అప్పట్లో చాలా కంప్యూటర్లు సంవత్సరాన్ని రెండే అంకెల్లో రాసుకునేవి. 99 తర్వాత 00 వస్తే 1900 అనుకుంటాయని భయం. టార్చిలైటు, రిజిస్టరు ముందు పెట్టుకుని కూర్చున్నాం. పన్నెండు దాటింది, దీపం కూడా మిణుకుమనలేదు. పొద్దున అందరూ మమ్మల్ని చూసి నవ్వారు. నేనూ నవ్వాను. ఏళ్ల తరబడి ప్రోగ్రాములు తిరగేసి రెండంకెలను నాలుగు చేసినవాళ్ల సంగతి అప్పుడు నాకు తెలియదు. వాళ్లలో మనవాళ్లూ బోలెడంత మంది.

ఈసారి మందు తెలియనిదేమీ కాదు. 32 గళ్ల బదులు 64 గళ్లు పెడితే 29 వేల కోట్ల ఏళ్ల దాకా చింత లేదు. కొత్త ఫోన్లు, కంప్యూటర్లు చాలావరకు అలాగే వస్తున్నాయి. నా దిగులు ఒకసారి గోడకు బిగించాక ఎవరూ మూత తీయని పాత పెట్టెల గురించి. అవి ఇరవై, ముప్పై ఏళ్లు పనిచేస్తాయి. పైగా 2038 అంత దూరంలోనూ లేదు. ఇవాళ ఇరవై ఏళ్లకు ఇంటి అప్పు తీసుకుంటే ఆఖరి వాయిదా ఆ తేదీకి అవతల పడుతుంది. ఆ తేదీని లెక్కకట్టే యంత్రం పాతదైతే చిక్కు ఇవాళే.

"పరీక్షలున్నాయి తాతా, ఇవన్నీ చదవడానికి టైం ఎక్కడిది?" అంటుంది అఖిల. నిజమే. నాకు మాత్రం టీవీ చర్చలు మానేస్తే దొరికింది. మీకు వారానికి ఒక అరగంట చాలు, ఆదివారం.

వచ్చే ఆదివారం ఒక పని చేయండి. మీ ఇంట్లో తేదీ తెలిసిన వస్తువులు ఎన్ని ఉన్నాయో వెతికి, కాగితం మీద రాసి పంపండి. ఫోను, టీవీ పెట్టె లాంటివి సులువుగానే దొరుకుతాయి, మూలల్లో చూడండి. నేను ఇక్కడ ఏడు లెక్కపెట్టి గర్వంగా మీ నానమ్మకు చూపించాను. ఆమె నన్ను గుమ్మం బయటికి తీసుకెళ్లి ఎనిమిదోది చూపించింది. కరెంటు మీటరు! ముప్పై ఐదేళ్లు కరెంటు శాఖలో పనిచేసినవాడికి అదే తట్టలేదు.

ఆశీస్సులతో,
తాతయ్య