పైడిభీమవరం ప్లాంట్లకు కొత్త స్క్రీన్ ఎక్కడి నుంచి వచ్చింది?

శ్రీకాకుళం జిల్లాలో మందుల ప్లాంట్లున్న పైడిభీమవరం షిఫ్టు బస్సుల్లో ఈ మధ్య ఒక ప్రశ్న బాగా వినిపిస్తోంది. "టెంపరేచర్ ఎంత పెట్టాలో, సాల్వెంట్ ఎంత కలపాలో ఇకమీదట కంప్యూటరే చెప్తుందట గదా. మరి బ్యాచ్ పోతే సంతకం ఎవరిది?" ఇటు శ్రీకాకుళం నుంచి, అటు విజయనగరం నుంచి రోజూ మందుల ప్లాంట్లకు వెళ్లే కెమిస్టుల టెన్షన్ అది. నేను కొన్నేళ్లు షిఫ్టు కెమిస్టుగా, ఆ తర్వాత ప్రాసెస్ డెవలప్‌మెంట్ ల్యాబ్‌లో పనిచేశాను. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు దొరకాలంటే ఈ సాఫ్ట్‌వేర్ ఏ దారిన మన దాకా వచ్చిందో కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి.

మన దగ్గర డెవలప్‌మెంట్ అంటే చాలావరకు కొత్త మందు కనిపెట్టడం కాదు. తెలిసిన మందునే చౌకగా, శుభ్రంగా, ప్రతిసారీ ఒకేలా తయారుచేసే దారి వెతకడం. ఈ అలవాటుకు మూలం 1970 నాటి పేటెంట్ చట్టం. 1972 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన ఆ చట్టం మందుకు పేటెంట్ ఇవ్వలేదు, తయారీ పద్ధతికి మాత్రమే ఇచ్చింది. అంటే వేరే దారిలో అదే మందు చేయగలిగితే ఎవరైనా చేసుకోవచ్చు. హైదరాబాద్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చిన కెమిస్టులకు ఇది పెద్ద అవకాశమైంది. అలా బయటికొచ్చిన కె.అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. జనరిక్ మందులకు తలుపు తెరిచిన అమెరికా చట్టం కూడా అదే ఏడాది వచ్చింది. తర్వాత డాక్టర్ రెడ్డీస్, అరబిందో లాంటి కంపెనీలు పైడిభీమవరం ఉన్న రణస్థలం మండలంలో ప్లాంట్లు పెట్టాయి. 2005 జనవరి నుంచి మందుకే పేటెంట్ ఇవ్వడం మళ్లీ మొదలైంది. అయినా పేటెంట్ గడువు తీరిన మందుల విషయంలో పోటీ అంతా పద్ధతి దగ్గరే ఉంది.

ఆ పద్ధతి వెతకడం ఎంత కష్టమో బయటివాళ్లకు చెప్పడానికి నాకు రియాక్టరే మంచి ఉదాహరణ. ల్యాబ్‌లో లీటరు ఫ్లాస్కులో చక్కగా వచ్చిన రియాక్షన్, కింద ప్లాంటులో ఐదు కేఎల్ (5,000 లీటర్ల) రియాక్టర్‌లో అలాగే రాదు. పరిమాణం 5,000 రెట్లు పెరిగితే, లీటరు ద్రవానికి అందే గోడ వైశాల్యం సుమారు 17వ వంతుకు పడిపోతుంది. వేడి బయటికి పోవాల్సింది ఆ గోడ గుండానే. ఫ్లాస్కులో నిమిషాల్లో చల్లారినది ఇక్కడ గంటలు తీసుకుంటుంది. ఆ గంటల్లోనే కొత్త ఇంప్యూరిటీ (మలినం) పుడుతుంది, లేదా క్రిస్టల్ రూపం మారుతుంది. కొన్నిసార్లు ఈ మార్పు ప్రపంచస్థాయి సమస్య అవుతుంది. ఎయిడ్స్ మందు రిటోనావిర్‌లో అంతకుముందు లేని కొత్త క్రిస్టల్ రూపం బయటపడటంతో 1998లో ఆ క్యాప్సూల్స్‌ను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ఈ చిక్కుముడి విప్పడానికి ల్యాబుల్లో చాలాకాలం ఒకటే పద్ధతి ఉండేది. అన్నీ అలాగే ఉంచి ఒక్కటి మార్చి చూడటం. ముందు టెంపరేచర్, తర్వాత టైము, తర్వాత సాల్వెంట్ (రియాక్షన్ జరిగే ద్రవం). నేనూ అలాగే నేర్చుకున్నాను. ఇందులో ఒక పెద్ద లోపం ఉంది. ఏ టెంపరేచర్ మంచిదన్నది సాల్వెంట్‌లో నీళ్లు ఎంత ఉన్నాయన్న దాన్నిబట్టి మారితే, ఒక్కొక్కటిగా మార్చేవాడికి ఆ సంగతి ఎప్పటికీ కనపడకపోవచ్చు.

అన్నీ ఒక పద్ధతిలో కలిపి మార్చాలన్న ఆలోచనకు గట్టి పునాది వేసింది ఇంగ్లండ్‌లో స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్. పొలాల్లో ఎరువుల ప్రయోగాల నుంచి మొదలైన ఆయన ఆలోచన 1935లో పుస్తకంగా వచ్చింది. తర్వాతి అడుగు వేసినాయన మనకు చాలా దగ్గరివాడు. స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్.రావు విశాఖపట్నంలో ఏవీఎన్ కాలేజీలో, ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో చదువుకున్నారు. ఆయన లెక్కల్లో ఎం.ఏ. చేసేనాటికి శ్రీకాకుళం ఇంకా విశాఖ జిల్లాలో భాగమే, 1950లో గానీ విడిపోలేదు. 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన రావు, 1947లో తక్కువ ప్రయోగాల్లో ఏవేవి చేయాలో చూపించే ఆర్తోగొనల్ అరేలు అనే పట్టికల గణితాన్ని ప్రచురించారు. ఒక లెక్క చెప్తాను. నాలుగు అంశాలు, ఒక్కోదానికి మూడు స్థాయులు ఉంటే, అన్ని కలయికలూ చూడాలంటే 81 ప్రయోగాలు చేయాలి. సరైన పట్టికతో 9 ప్రయోగాలకే ఒక్కో అంశం ప్రభావం ఎంతో తేలుతుంది. అన్ని కలయికల గుట్టూ ఆ 9 చెప్పలేవు గానీ, ఎటు వెళ్లాలో చెప్తాయి.

1954-55లో గెనిచి టాగుచి అనే జపాన్ ఇంజనీరు అదే కలకత్తా ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి కొంతకాలం ఉన్నారు. ఈ పట్టికలను ఆయన జపాన్ ఫ్యాక్టరీల్లోకి తీసుకెళ్లారు, 1980లలో అవి అమెరికా కంపెనీలకు చేరాయి. రసాయన పరిశ్రమ అవసరాలకు తగ్గ మరో పద్ధతిని 1951లోనే బ్రిటన్‌లో జార్జ్ బాక్స్, విల్సన్ తయారుచేశారు. బాక్స్ అప్పుడు పనిచేస్తున్నది ఐసీఐ అనే రసాయనాల కంపెనీలోనే. విశాఖలో చదువుకున్న మనిషి గణితం ఇలా జపాన్, అమెరికా చుట్టి, చివరికి ఇంగ్లీషు సాఫ్ట్‌వేర్‌లో ఒక మెనూగా మన ల్యాబులకు వచ్చింది. 2023 ఆగస్టులో రావుగారు పోయినప్పుడు నేను ఈ సంగతి ల్యాబ్‌లో కుర్రాళ్లకు చెబితే, రోజూ ఆ మెనూ నొక్కేవాళ్లే ఆశ్చర్యపోయారు. మన ఎమ్మెస్సీ కెమిస్ట్రీ క్లాసుల్లో ఈ కథ చెప్పకపోవడం నాకు నిజంగా బాధ.

పద్ధతి చేతిలో ఉన్నా ఇన్నేళ్లు ఎందుకు వాడలేదు? తొందర అన్నది ఒక కారణం. ముందు దరఖాస్తు ఫైల్ చేసినవాడికే మార్కెట్ అయినప్పుడు, బ్యాచ్ పాసైతే చాలు, ఎందుకు పాసైందో తర్వాత చూద్దాం అనేది అందరి అలవాటు. ఆ అలవాటును కదిలించింది మందులకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ. 2002లో తయారీ నిబంధనలను కొత్తగా ఆలోచించడం మొదలుపెట్టి, 2004లో రియాక్షన్ జరుగుతుండగానే కొలిచే పరికరాలను ప్రోత్సహిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. 2005లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకం ఐసీహెచ్ క్యూ8 "డిజైన్ స్పేస్" అనే మాట తెచ్చింది. ఏయే హద్దుల్లో తిరిగినా మందు నాణ్యత చెడదో కంపెనీ ముందే రుజువు చేస్తే, ఆ హద్దుల్లో మార్పుకు మళ్లీ అనుమతి అడగనక్కర్లేదు. హద్దులు రుజువు చేయడానికి పట్టికల ప్రయోగాలు బాగా పనికొస్తాయి. 2013 నుంచి జనరిక్ దరఖాస్తుల్లోనూ ఈ ఆలోచన కనపడాలని ఎఫ్‌డీఏ కోరింది. మన ల్యాబుల్లో స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌కు గిరాకీ పెరగడం వెనక ఇదంతా ఉంది.

ఇంతలో ఇంకో దెబ్బ తగిలింది. 2015 నవంబరులో ఎఫ్‌డీఏ ఒక పెద్ద కంపెనీకి పంపిన హెచ్చరిక లేఖలో మూడు ప్లాంట్లు ఉన్నాయి, వాటిలో ఒకటి శ్రీకాకుళం జిల్లాది. ల్యాబ్ డేటాను కాపాడటంలో లోపాలు అందులోని ముఖ్యమైన అభ్యంతరాల్లో ఒకటి. ఆ తర్వాత డేటా విషయంలో అందరూ గట్టి క్రమశిక్షణకు వచ్చారు. అది చాలా మంచిదైంది. కానీ దానితోపాటు ఒక భయం కూడా వచ్చిందని నా అభిప్రాయం. ఎక్కువ రాస్తే ఎక్కువ ప్రశ్నలు వస్తాయి కాబట్టి అడిగినంతవరకే రాద్దాం అనే భయం.

నా షిఫ్టులో జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. ఒక ప్రాడక్ట్‌కు ఫలానా టెంపరేచర్ దగ్గర సీడ్ (క్రిస్టల్స్ కట్టడం మొదలవడానికి వేసే అదే మందు క్రిస్టల్స్ కొన్ని) వేయాలని బీఎంఆర్‌లో (బ్యాచ్ తయారీ రికార్డులో) ఉంది. రియాక్టర్ దగ్గరున్న పెద్దాయన లోపలికి చూసి, "పాకం లేతగుంది బాబూ, ఇప్పుడే సీడు ఎయ్యకండి" అన్నాడు. ఆయనది బెల్లం వండిన చెయ్యి, తీగపాకం చూసి దించిన కన్ను. కాగితంలో ఉన్నదాన్ని నేను దాటలేకపోయాను. వేసిన సీడ్ కరిగిపోయింది, చల్లారాక ఒక్కసారిగా సన్నటి పొడి దిగింది. సెంట్రిఫ్యూజ్‌లో నీరు దిగక బ్యాచ్ రీవర్క్‌కు, అంటే మళ్లీ చేయడానికి, పోయింది. రికవరీ సాల్వెంట్‌లో, అంటే ఒకసారి వాడి శుద్ధిచేసి మళ్లీ వాడే ద్రవంలో, నీళ్లు ఎక్కువైతే ఇలా అవుతుందని నెలల తర్వాత ల్యాబ్‌లో తేలింది. రికవరీ డ్రమ్ములు వాడిన రోజునే పాకం లేతగా ఉంటుందని పెద్దాయనకు అంతకుముందే తెలుసు. ఆ బ్యాచ్ రికార్డులో రిమార్క్స్ దగ్గర నేను రాసింది "నిల్".

ఇప్పుడు వస్తున్న సాఫ్ట్‌వేర్ విషయానికి వస్తే, రసాయనశాస్త్రంలో కంప్యూటర్ సలహా కొత్తదేమీ కాదు. ఏ దారిలో అణువును కట్టాలో సూచించే ప్రోగ్రాం గురించి ఇ.జె.కోరీ, విప్కే 1969లోనే ప్రచురించారు. కోరీకి 1990లో నోబెల్ వచ్చింది. ఈనాటి ప్రోగ్రాం అయిపోయిన ప్రయోగాల ఫలితాలు తీసుకుంటుంది. మంచి ఫలితం ఎక్కడ వచ్చేలా ఉందో, మనకు ఎక్కడ ఇంకా తెలియదో రెండూ లెక్కేసి తర్వాతి ప్రయోగాన్ని సూచిస్తుంది. పట్టిక అన్ని ప్రయోగాలనూ ముందే చెప్తే, ఇది ఒక్కో ఫలితం చూసి దారి మార్చుకుంటుంది. అయితే దానికి ఇచ్చిన అంశాల్లో సాల్వెంట్‌లోని నీళ్లు అనే గడి లేకపోతే, ఎన్ని వందల బ్యాచులు చూపించినా అది పెద్దాయన చెప్పిన మాట చెప్పలేదు.

బస్సులో అడిగే ప్రశ్నకు జవాబు 1997 నాటి ఎఫ్‌డీఏ నిబంధనలోనే ఉంది. ప్రతి ఎలక్ట్రానిక్ సంతకం ఒక్క మనిషికే చెందాలి. కాబట్టి సలహా స్క్రీన్‌ది, సంతకం మనిషిదే. 2023 జనవరిలో సవరించిన అంతర్జాతీయ రిస్కు మార్గదర్శకం ఐసీహెచ్ క్యూ9 కూడా రిస్కు అంచనాల్లో సొంత అభిప్రాయాల పాత్ర తగ్గించాలని, నిర్ణయం ఎలా తీసుకున్నారో చూపించాలని అడుగుతోంది. అదే ఏడాది చివర్లో మన దేశం నోటిఫై చేసిన కొత్త షెడ్యూల్ ఎం రిస్కు నిర్వహణనూ కంప్యూటర్ సిస్టమ్స్‌నూ తయారీ నిబంధనల్లో చేర్చింది. స్క్రీన్ చెప్పింది కాదన్నా, సరేనన్నా కారణం రాయాల్సింది షిఫ్టులో ఉన్న మనిషే.

ఆ కారణం ఏ భాషలో రాయాలన్నదే నన్ను వేధిస్తున్న సంగతి. రియాక్టర్ దగ్గర మాట తెలుగులో పుడుతుంది: గంజిలా చిక్కబడింది, నురగ కట్టింది, అడుగంటింది, పాకం లేతగుంది. నేను పనిచేసిన చోట రికార్డు మొత్తం ఇంగ్లీషే. మధ్యలో ఉన్న కెమిస్టు ఆ మాటను అనువదించేలోపు షిఫ్టు మారిపోతుంది, "నిల్" పడుతుంది. కొత్త సిస్టమ్ కొంటున్నప్పుడే రిమార్క్స్ గడిలో తెలుగులో టైపు చేసే వీలు, లేదా గొంతుతో చెప్పి రికార్డు చేసే వీలు అడగాలి. ఒకసారి వ్యాలిడేషన్ (సిస్టమ్ సరిగ్గా పనిచేస్తుందని రుజువు చేయడం) అయిపోయాక ఆ గడిని మార్చాలంటే చేంజ్ కంట్రోల్ (మార్పుకు రాతపూర్వక అనుమతి) పెట్టి, కావలసిన పరీక్షలు మళ్లీ చేసుకురావాలి.