దేవుడితో పరాచికాలు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

సెలవుల్లో మీరు అటక మీది ట్రంకు పెట్టెలోంచి తీసిన క్యాసెట్ గురించే ఈ ఉత్తరం. "ఈయన దేవుడికి మొక్కుతున్నాడా, వెక్కిరిస్తున్నాడా తాతయ్యా?" అని చిన్నది అడిగింది. అప్పుడు నా నోట్లో బొబ్బట్టు ఉంది, ఏదో అనేసి తప్పించుకున్నాను. ఆ తర్వాత ఆ మాట నన్ను వదల్లేదు.

అది వయొలెంట్ ఫెమ్స్ అనే ముగ్గురు కుర్రాళ్ళ రెండో ఆల్బమ్, 'హాలోడ్ గ్రౌండ్'. 1984లో వచ్చింది. అమెరికాలో చదువుకున్న మా బావమరిది సూట్‌కేసులో మన ఇంటికి చేరింది. పేరుకి 'పావన భూమి' అని అర్థం చెప్పుకోవచ్చు.

ఇందులో కంట్రీ బాణీ చాలా ఉంది కాబట్టి, ముందు కంట్రీ అంటే ఏమిటో చెప్పాలి. అమెరికా పల్లెపట్టు పాట అది. బాంజో, ఫిడేలు, గిటారు. అందులో రైళ్ళు, తాగుడు, జైలు, పోయిన అమ్మ, వీటన్నిటి వెనకా ఒక చర్చి గంట. శనివారం రాత్రి తప్పు చేసినవాడే ఆదివారం పొద్దున చెంపలేసుకుంటాడు. పంక్ 1970లలో న్యూయార్క్, లండన్ కుర్రాళ్ళు లేపిన గోల. వాయించడం పూర్తిగా రాకపోయినా ఫర్వాలేదు, కోపం ఉంటే చాలు అనే రకం. ఆ రెండింటినీ కలిపి వండినవాళ్ళు 1980లలో బయల్దేరారు. దానికి కౌపంక్ అని పేరు పడింది. ఫెమ్స్‌ని మామూలుగా ఫోక్ పంక్, అంటే జానపదం కలిసిన పంక్, అంటారు కానీ, ఈ ఆల్బమ్‌లో మాత్రం వాళ్ళు కంట్రీ వాళ్ళ వీధిలోకి బాంజోతో సహా వచ్చి కూర్చున్నారు.

వాళ్ళది అమెరికాలోని మిల్వాకీ నగరం. క్లబ్బుల వాళ్ళు రానివ్వకపోతే రోడ్డు పక్క నిలబడి వాయించేవాళ్ళు. 1981 ఆగస్టు 23న అక్కడి ఓరియంటల్ థియేటర్ బయట వాయిస్తుంటే, ఆ రాత్రి లోపల కచేరీ ఉన్న ప్రిటెండర్స్ అనే రాక్ బృందం వాళ్ళు చూసి, మీరూ లోపలికొచ్చి నాలుగు పాటలు పాడండి అన్నారు. వాళ్ళ కథ అక్కడ మలుపు తిరిగింది.

డ్రమ్ములు మామూలుగా వినిపించడం లేదని పెద్దాడు అన్నాడు కదా, నిజమే. విక్టర్ డిలొరెంజో ఒక డ్రమ్ము మీద రేకు గంప బోర్లించి, కర్రలకి బదులు తీగల కుంచెలతో వాయించేవాడు. ఆ సంగతి తెలిశాక ఇంకోసారి వినండి, గంప చప్పుడు పట్టేస్తారు. బ్రయాన్ రిచీది బేస్ గిటారు. అది కూడా కరెంటు అక్కర్లేని బొజ్జ గిటారు. పాడేవాడు గోర్డన్ గానో. పాటగాడికి ఇంటిపేరే గానో కావడం నా కల్పన కాదు.

ఈ గానో నాన్నగారు బాప్టిస్టు పాస్టరు. కాబట్టి బైబిలు అతనికి పుస్తకంలా కాక, ఇంట్లో రోజూ వినపడే మాటలా వచ్చింది. రిచీకి ఆ నమ్మకం లేదు. మొదటి ఆల్బమ్ అప్పుడు గానో భక్తి పాటలు తెస్తే, నేను వాయించనన్నాడు. రెండో దానికి ఒప్పుకున్నాడు. అంటే మీరు విన్న నాలుగో పాటలో, క్రీస్తు నీళ్ళ మీద నడిచాడని ఒకడు మనసారా పాడుతుంటే, నమ్మనివాడు పక్కనే నిలబడి హుషారుగా బేస్ మోగిస్తున్నాడన్నమాట. ఆ పాటలో కనపడే కొంటెతనం సగం అక్కడినుంచే వస్తోందని నా అనుమానం.

మన చిన్నదానిలాగే అప్పట్లో చాలామందికి ఇది వెక్కిరింతేమో అనిపించింది. ఎందుకని? 1983 నాటి మొదటి ఆల్బమ్ నిండా పిల్ల దొరకలేదని ఏడ్చే కుర్రాడి గోడు. అదే ముక్కు గొంతు, అదే వంకర వాటంతో మరుసటి ఏడాదే యేసు పాటలు ఎత్తుకుంటే ఎవరు నమ్ముతారు! పైగా మొదటి పాటలో ఒక తండ్రి సొంత కూతుర్ని బావిలోకి తోసేస్తాడు. (దాన్ని రాత్రిపూట పెట్టకండి, మీ అమ్మ నన్ను అంటుంది.) చివరి పాట బైబిల్లో జలప్రళయానికి ముందు ఓడ కట్టిన నోవహు కథ. లోకమంతా మునిగిపోబోతోందన్న కబురుని పెళ్ళి ఊరేగింపు హుషారుతో చెప్తాడు. నాకు నవ్వాగలేదు. అయినా అందులో వెటకారం లేదు. అతను తర్వాత మెర్సీ సీట్ అని అచ్చంగా గాస్పెల్ పాటలకే, అంటే చర్చి భక్తి పాటలకే, ఒక బృందం కట్టి, 1987లో ఆల్బమ్ కూడా తెచ్చాడు. సరదా కోసం అంత దూరం ఎవరూ పోరు.

దీనికి సరిగ్గా తలకిందులు ఇంకోటుంది. అలబామా అన్నదమ్ములు ఐరా, చార్లీ లూవిన్ 1959లో 'సేటన్ ఈజ్ రియల్' అని ఒక భక్తి రికార్డు తెచ్చారు. అట్ట మీద బొమ్మ కోసం పన్నెండడుగుల కొమ్ముల సైతానుని ప్లైవుడ్డుతో కోయించి నిలబెట్టారు. కిరసనాయిలు పోసిన పాత టైర్లు చుట్టూ తగలబెట్టి, ఆ మంటల ముందు నిలబడి ఫోటో దిగారు. వాళ్ళకది నిజంగా నరకం. ఇప్పటివాళ్ళకి ఆ అట్ట చూస్తే నవ్వొస్తుంది. పాటలు వింటే మాత్రం ఆ రెండు గొంతుల జోడీకి నవ్వు నోట్లోనే ఆగిపోతుంది.

మనకి ఇది కొత్తేమీ కాదు. భద్రాచలం రామదాసు జైల్లో కూర్చుని రాముడికి నగల ఖర్చు లెక్కలు అప్పజెప్పి మరీ తిట్టాడు. దాన్ని నిందాస్తుతి అని ముద్దుగా పిలుచుకుంటాం. బాగా దగ్గరివాడితోనేగా అలా మాట్లాడతాం. గానో తిట్టలేదు, నవ్వుతూ పాడాడంతే. నా లెక్కలో ఇద్దరిదీ ఒకే చనువు. చర్చి మెట్లెక్కని వాడు ఇలా పాడబోతే ఎక్కడో ఒకచోట ఎబ్బెట్టుగా తేలిపోతుంది.

నిన్న ఈ ఉత్తరం కోసమే క్యాసెట్ మళ్ళీ పెట్టాను. టేపు చిక్కుకుంటే పెన్సిలు పెట్టి తిప్పాను. నాయనమ్మ వసారాలో బియ్యం ఏరుతోంది. నాలుగో పాట వచ్చేసరికి చేట అంచు మీద వేళ్ళతో తాళం మొదలైంది. పాట అయ్యాక, "ఏ ఊరి భజన బృందమండీ వీళ్ళు? ఆ కుర్రాడికి జలుబులా ఉంది" అంది.

మీ తాతయ్య