పేరులోంచి తెలంగాణ పోయాక

2022 అక్టోబరు 5, దసరా. బంజారాహిల్స్‌లోని తెలంగాణ భవన్‌లో టీఆర్ఎస్ (తెలంగాణ రాష్ట్ర సమితి) తన పేరును భారత్ రాష్ట్ర సమితి(బీఆర్ఎస్)గా మార్చుకుంటూ తీర్మానం చేసింది. డిసెంబరు రెండో వారానికి ఎన్నికల సంఘం ఆమోదం వచ్చి, తెలంగాణ భవన్‌లో కొత్త జెండా ఎగిరింది. డిసెంబరు 11న ఢిల్లీ లిక్కర్ కేసులో కేసీఆర్ కూతురు, ఎమ్మెల్సీ కవితను సీబీఐ హైదరాబాద్‌లోని ఆమె ఇంట్లోనే ప్రశ్నించింది. పార్టీ ఢిల్లీ బాట పట్టిందో లేదో, ఢిల్లీయే ఇంటికొచ్చింది.

పార్టీని ముంచింది ఆ కేసేనని చాలామంది అంటారు. కానీ పునాది అంతకు చాలా ముందే కదిలింది.

2001 ఏప్రిల్ 27న హుస్సేన్ సాగర్ ఒడ్డున, కొండా లక్ష్మణ్ బాపూజీ ఇల్లు జలదృశ్యంలో పుట్టిన పార్టీ ఇది. ఎజెండా ఒక్కటే, ప్రత్యేక రాష్ట్రం. 2014లో అది నెరవేరింది. కాంగ్రెస్‌లో విలీనం చేయబోమని తేల్చేసిన కేసీఆర్, ఇకపై తమది ఫక్తు రాజకీయ పార్టీ అన్నారు. అన్నట్టే నడిపారు కూడా.

119 సీట్లలో వచ్చినవి 63. బొటాబొటీ మెజారిటీ, పైగా రాజధానిలో బలం లేదు. దాంతో వలసలకు గేట్లు తెరిచారు. టీడీపీ టికెట్ మీద సనత్‌నగర్‌లో గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్ అదే ఏడాది డిసెంబరులో మంత్రి అయ్యారు. జూబ్లీహిల్స్ టీడీపీ ఎమ్మెల్యే మాగంటి గోపీనాథ్ కూడా తర్వాత కారెక్కారు. ఉద్యమంలో లాఠీదెబ్బలు తిన్నవాళ్లది యూటీ (ఉద్యమ తెలంగాణ) బ్యాచ్, బంగారు తెలంగాణ కోసమంటూ వచ్చినవాళ్లది బీటీ బ్యాచ్ అని కార్యకర్తలే ఎకసెక్కాలాడేవారు. గులాబీ జెండాకు ఓనర్లం మేమేనని 2019లో అప్పటి మంత్రి ఈటల రాజేందర్ అన్నది ఆ కడుపుమంటతోనే. 2021లో ఆయన పదవి పోయింది, పార్టీ వీడారు, హుజూరాబాద్ ఉప ఎన్నికలో బీజేపీ తరఫున గెలిచారు.

ఇంత జరిగాక పేరులోని 'తెలంగాణ'ను కూడా తీసేశారు. నాందేడ్‌లో సభ పెట్టారు, 'అబ్ కీ బార్ కిసాన్ సర్కార్' అన్నారు. ఇక్కడి రైతు దాన్ని ఎలా విన్నాడో ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

లిక్కర్ కేసు దెబ్బ కొట్టిన తీరు కూడా విచిత్రమే. ఎన్నికల ముందు పార్టీకి చేటు చేసింది అరెస్టు కాదు, అరెస్టు కాకపోవడం. బీజేపీతో లోపాయికారీ ఒప్పందం ఉందనడానికి కాంగ్రెస్ దాన్నే రుజువుగా ఊరూరా చూపించింది. ఆరోపణలన్నిటినీ కవిత ఖండిస్తూనే వచ్చారు. ఈడీ ఆమెను అరెస్టు చేసింది 2024 మార్చి 15న, అప్పటికే అధికారం పోయింది. ఆగస్టులో సుప్రీంకోర్టు బెయిలిచ్చింది.

2023 ఎన్నికలకు నెల ముందు కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. 2018లో 88 సీట్లున్న పార్టీకి 39 మిగిలాయి. హైదరాబాద్ నగరంలో కాంగ్రెస్‌కు ఒక్క సీటూ రాలేదు, బీఆర్ఎస్‌ను వదిలేసింది పల్లెలే. ఒకప్పుడు బలం లేని చోట నిలిచి, పుట్టి పెరిగిన చోట ఓడింది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో అయితే సున్నా.

పాత పేరుకే మళ్లుదామన్న మాట అప్పటినుంచీ లోపల వినిపిస్తూనే ఉంది. కాళేశ్వరం విషయంలో పార్టీ సీనియర్ నేత, కేసీఆర్ మేనల్లుడు హరీశ్‌రావుపై ఆరోపణలు చేసిన కవితను 2025 సెప్టెంబరు 2న పార్టీ సస్పెండ్ చేసింది. మర్నాడే ఆమె రాజీనామా చేశారు. మాగంటి మరణంతో ఖాళీ అయిన జూబ్లీహిల్స్‌ను నవంబరు ఉప ఎన్నికలో కాంగ్రెస్ తీసుకుంది.